తెలిపినవారికి తెలపడం: అంతర్జాతీయ పరిశోధన కూటములు – జ్ఞానఋణ మీమాంస

ప్రవేశిక

కరువు, శిశుపోషణ లోపం, భూగర్భజలాల క్షీణత, బాల్యదారిద్ర్యం మొదలైనవి ఏ ఒక్క దేశానికో పరిమితమైన సమస్యలు కావు. ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధం నుంచి వీటిని ఎదుర్కోవడానికి అనేక దేశాల పండితులు, ప్రభుత్వాలు, నిధులిచ్చే సంస్థలు కలిసి పరిశోధన కూటములుగా ఏర్పడుతున్నాయి. 1971లో ఏర్పడిన అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంప్రదింపు బృందం (సీజీఐఏఆర్) వీటిలో ప్రసిద్ధమైనది. పండితుడు కనుగొన్నదాన్ని విధానకర్తకు చేరవేయడం, విధానకర్త దాన్ని ప్రజాహితంగా మార్చడం ఇటువంటి కూటములన్నిటి ఉమ్మడి ఆశయం.

ఈ ఆశయంలో ఇద్దరే కనిపిస్తారు: తెలుసుకునేవాడు, అమలుపరిచేవాడు. తన పొలం లెక్క, తన బిడ్డ ఎత్తు, తన అప్పుల సంగతి తెలిపిన మనిషి ఆ వాక్యంలో లేడు. అతడు తెలిపినదాన్నుంచి పుట్టిన జ్ఞానాన్ని తిరిగి అతడికి తెలపవలసిన నైతిక బాధ్యత పరిశోధకుడికి ఉన్నదా? ఉంటే అది సౌజన్యమా, ఋణమా? సౌజన్యమైతే చేసినా చేయకపోయినా తప్పులేదు. ఋణమైతే తీర్చకపోవడం దోషం. ఈ భేదాన్ని తేల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురైనది కాదు. నా నివాసం నాగారం. అక్కడి నుంచి ఈసీఐఎల్, మల్లాపూర్, నాచారం, హబ్సిగూడ, తార్నాక మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వచ్చే దారిలో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, కణ జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ పోషకాహార సంస్థ దగ్గరదగ్గరగా ఉన్నాయి. భూగర్భజల పరిశోధన కోసం 1999లో భారత–ఫ్రెంచి ఉమ్మడి కేంద్రం ఏర్పడింది ఈ భూభౌతిక సంస్థలోనే. ప్రపంచ విజ్ఞానంతో నిత్యం మాట్లాడే ఈ రెండు మూడు మైళ్ల రోడ్డు చుట్టుపక్కల పల్లెలతో ఏ భాషలో మాట్లాడుతుందన్నది రోజూ ఆ దారిన వచ్చే తెలుగు విద్యార్థికి కలగవలసిన సందేహమే.

1. మూడు నిదర్శనాలు

మొదటిది ఇక్రిశాట్ గ్రామ అధ్యయనం. సీజీఐఏఆర్ కుటుంబానికి చెందిన ఈ సంస్థ 1972లో పటాన్‌చెరులో ఏర్పడింది. 1975లో మహబూబ్‌నగర్, షోలాపూర్, అకోలా జిల్లాల్లో రెండేసి ఊళ్ల చొప్పున ఆరు గ్రామాలను ఎన్నుకొని, ఊరికి 40 కుటుంబాల వంతున దీర్ఘకాలిక అధ్యయనం మొదలుపెట్టింది. పాలమూరు జిల్లాలో ఎన్నికైన ఊళ్లు, పరిశోధన పత్రాల్లో ఔరేపల్లె అని కనిపించే గ్రామం, దోకూరు. ఊళ్లోనే నివసించే పరిశోధక సిబ్బంది కొన్ని వారాలకొకసారి ప్రతి ఇంటికీ వెళ్లి పంట, కూలి, ఖర్చు, అప్పు వివరాలు రాసుకునేవారు.

ఆ ఊళ్ల నుంచి రెండు ముఖ్యమైన నిర్ధారణలు ప్రపంచానికి అందాయి. హాన్స్ బిన్స్‌వాంగర్ రైతుల చేత నిజమైన డబ్బుతో బొమ్మాబొరుసు పందేలు ఆడించి, నష్టభయం విషయంలో వారి వైఖరిని కొలిచి 1980లో ప్రకటించాడు. పందెం పెద్దదయ్యే కొద్దీ పేద, ధనిక భేదం లేకుండా అత్యధికులు ఓ మోస్తరు జాగ్రత్తనే పాటించారు. కనుక పేదరైతు పెట్టుబడి పెట్టకపోవడానికి కారణం అతడి స్వభావంలో లేదు. అప్పు పుట్టే అవకాశం వంటి బయటి పరిస్థితుల్లో వెతకాలి. 1994లో రాబర్ట్ టౌన్‌సెండ్ ఔరేపల్లెతో పాటు మరి రెండు ఊళ్ల లెక్కలు పరిశీలించి, ఒక ఇంటికి ఒక ఏడాది రాబడి పడిపోయినా తిండి ఖర్చు ఆ మేరకు పడిపోవడం లేదనీ, ఊరు ఊరంతా కష్టాన్ని చాలావరకు పంచుకుంటున్నదనీ, అయితే ఆ రక్షణ భూమిలేనివారికి అంతగా అందడం లేదనీ చూపాడు.

రెండవది హైదరాబాద్ పోషకాహార ప్రయోగం. 1987–90 మధ్య నగరానికి సమీపంలోని 29 గ్రామాల్లో జాతీయ పోషకాహార సంస్థ దీన్ని నిర్వహించింది. సమగ్ర శిశు అభివృద్ధి పథకం అప్పుడు దశలవారీగా విస్తరిస్తున్నది. పథకం చేరిన 15 గ్రామాల్లో గర్భిణులకు, ఆరేళ్ల లోపు పిల్లలకు మొక్కజొన్న–సోయా పిండితో వండిన అదనపు ఆహారం అందింది. ఇంకా చేరని 14 గ్రామాలు పోలిక కోసం నిలిచాయి. ఆ పిల్లలు 13–18 ఏళ్లవారైన తర్వాత, 2003–05లో, విదేశీ పండితుల సహకారంతో 1165 మందిని మళ్లీ పరీక్షించారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. మున్ముందు మధుమేహానికి, గుండెజబ్బుకు దారితీసే కొన్ని లక్షణాలు వారిలో తక్కువగా కనిపించాయి. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ ఫలితాలను ప్రచురించింది.

మూడవది యంగ్ లైవ్స్ అధ్యయనం. ఇథియోపియా, పెరూ, వియత్నాం, భారతదేశాల్లో కలిపి 12,000 మంది పిల్లల జీవితాలను ఈ శతాబ్ది ఆరంభం నుంచి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నాయకత్వంలో గమనిస్తూ వచ్చారు. భారతదేశం పక్షాన ఎన్నికైనది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఇక్కడి పిల్లలు సుమారు 3,000 మంది. అందులో పెద్ద బృందం వారు 1994–95 ప్రాంతంలో పుట్టినవారు, ఇంచుమించు నా ఈడువారు.

ఈ మూడూ చిత్తశుద్ధితో జరిగిన పనులు. వీటివల్ల లోకానికి మేలే జరిగింది. వీటిలో కుట్రను వెతకడం ఈ వ్యాసం పని కాదు. మంచి పరిశోధనలోనూ తీరకుండా మిగిలే బాకీ ఏదైనా ఉన్నదా అన్నదే ప్రశ్న.

2. విభక్తుల వెలుగులో సంబంధం

పరిశోధకుడికీ పరిశోధితుడికీ మధ్య సంబంధాన్ని తెలుగు విభక్తులు స్పష్టంగా విడదీసి చూపగలవు. సమాచారం రైతు 'వలన' వస్తుంది, ఇది పంచమి. వ్యాసం రైతును 'గురించి' వెలువడుతుంది, ఇది ద్వితీయ. పథకం రైతు 'కొరకు' అమలవుతుంది, ఇది చతుర్థి. ఈ మూడు ప్రత్యయాలతోనే కూటముల ఆశయపత్రాలన్నీ పూర్తవుతాయి. లేనిది 'రైతుకు చెప్పడం' అన్నప్పటి 'కు'. సంప్రదాయ వ్యాకరణం ప్రకారం అది షష్ఠి.

'కొరకు', 'కు' ఒకటే కాదా అన్న సందేహం సహజం. కావు. పశువు కొరకు మేత వేస్తాం, మొక్క కొరకు నీళ్లు పోస్తాం. ఒకరి కొరకు పనిచేయాలంటే వారి హితం తెలిస్తే చాలు, వారి వివేకాన్ని గుర్తించనక్కరలేదు. ఒకరికి చెప్పాలంటే మాత్రం వారు వినగలరనీ, తర్కించగలరనీ, కాదనగలరనీ ఒప్పుకోవాలి. మేలు చేయడం వేరు, మాట అందించడం వేరు. మొదటిది రెండోదాన్ని భర్తీ చేయదు.

బిన్స్‌వాంగర్ నిర్ధారణను మళ్లీ చూద్దాం. మెట్టరైతు కొత్తదానికి జంకుతాడనీ, ధైర్యం లేకనే పేదగా ఉన్నాడనీ చాలాకాలంగా ఒక నింద ఉంది. ఆ నింద నిలవదని తేలింది. అది ఒక విధంగా రైతుపై ఉన్న అభియోగాన్ని కొట్టివేసిన తీర్పు. తీర్పు న్యాయమైనదే, రుణవిధానం రూపొందించేవారికి అది ఉపయోగపడవలసిందే. కాని ఏ ముద్దాయినైనా నిర్దోషిగా విడిచిపెట్టినప్పుడు ఆ సంగతి మొదట వినవలసింది ఎవరు? నింద మోసినవాడు కాదా? తనను తాను పిరికివాడిగా తలచుకునేట్టు చేసిన మాట తప్పని తేలితే, ఆ తేలిక అప్పు దొరకడంతో రాదు, తెలియడంతోనే వస్తుంది.

3. దానమా, క్రయమా, ఋణమా?

జానపద, మాండలిక పరిశోధనల్లో సమాచారం చెప్పేవారిని 'సమాచారదాత' అంటున్నాం. ఈ పదంలోనే ఒక సిద్ధాంతం దాగి ఉన్నది. దాత ఇచ్చింది దానం. దానంతో దాత స్వత్వం తొలగిపోతుంది, పుచ్చుకున్నవాడికి కృతజ్ఞత తప్ప మరో బాధ్యత ఉండదు. అయితే దానం చేసేవాడికి తానేమి ఇస్తున్నాడో తెలియాలి. 1975లో పంటలెక్క చెప్పిన రైతుకు, ఆ లెక్క పందొమ్మిదేళ్ల తర్వాత ఊరి పరస్పర సహాయ స్వరూపాన్ని నిరూపించే సాక్ష్యం అవుతుందని తెలిసే వీలు లేదు. అడిగినవారికీ తెలియదు. తెలియనిదాన్ని దానం చేయడం కుదరదు.

క్రయం అందామంటే అదీ పొసగదు. నేటి పరిశోధన నీతి ప్రధానంగా సమ్మతిపత్రంపై ఆధారపడి ఉన్నది. సమ్మతి అవసరమే, కాని దాని తర్కం ఒప్పందపు తర్కం. సంతకంతో లావాదేవీ ముగుస్తుంది. జ్ఞానం అక్కడ ముగియదు. అదే లెక్క మళ్లీమళ్లీ కొత్త ప్రశ్నలకు జవాబిస్తూ పోతుంది. పసితనంలో తిన్న తిండి ఫలం కౌమారంలో కొలతకు వచ్చినట్టు, ఇచ్చిన సమాచారం ఫలం దశాబ్దాల తర్వాత పండుతుంది.

మిగిలింది ఋణం. తైత్తిరీయ సంహిత మనిషికి పుట్టుకతో మూడు ఋణాలు చెబుతుంది: ఋషిఋణం, దేవఋణం, పితృఋణం. శతపథ బ్రాహ్మణం వీటికి మనుష్యఋణాన్ని చేర్చి నాలుగు చేసింది. ఇక్కడ గమనించవలసిన విశేషం, ఒక్కో ఋణం తీరే పద్ధతి ఒక్కోటి. మనుష్యఋణం అన్నం పెట్టడంతో, ఆశ్రయమివ్వడంతో తీరుతుంది. ఋషిఋణం అలా తీరదు. పొందిన జ్ఞానాన్ని అధ్యయనం చేసి నిలపడంతోనే అది తీరుతుంది. ఒక ఋణానికి చేసిన చెల్లింపు మరొక ఋణం ఖాతాలో జమకాదు.

పరిశోధన కూటములు పల్లెకు తాము బాకీపడ్డామని ఒప్పుకుంటాయి. మంచి విత్తనం, మంచి పథకం, మంచి వైద్యం ద్వారా ఆ బాకీ తీర్చామని కూడా భావిస్తాయి. అది మనుష్యఋణం చెల్లింపు. కాని రైతు వారికి పెట్టింది అన్నం కాదు, తెలివిడి. ఆ స్థానంలో అతడు అతిథేయుడు కాడు, ఋషి. అందువల్ల అతడి బాకీ ఋషిఋణం, జ్ఞానంతోనే తీరేది. ఇదే ఈ వ్యాసం ప్రతిపాదన.

ఈ భావనను ఉన్నదున్నట్టు స్వీకరించలేమన్నది నిజం. ఆ గ్రంథాలు ఋణాలు చెప్పింది కొందరి విషయంలోనే. అధ్యయనాధికారం కొందరికే ఉన్న సమాజంలో ఔరేపల్లె వ్యవసాయకూలీ ఋషి స్థానంలో ఉండగలడని ఊహించడానికే చోటు లేదు. కాని సంప్రదాయం జ్ఞానఋణాన్ని గుర్తించింది, ఋణదాతను మాత్రం కులంతో గిరిగీసింది. ఆ గీతను చెరిపి భావనను నిలుపుకోవడం నేటి బాధ్యత. పైగా ఆ గీత నేటికీ మరో రూపంలో ఉన్నది. తెలుసుకునే అధికారం ఒకరికి, తెలియబడే విధి మరొకరికి అన్న విభజనకు ఇప్పుడు కులంతో పాటు భాష కూడా కాపలా కాస్తున్నది.

పోలిక కోసం నిలిచిన 14 గ్రామాల సంగతి ఈ దృష్టితో ప్రత్యేకంగా ఆలోచించాలి. పథకం అక్కడికి ఆలస్యంగా చేరడం పరిశోధకుల నిర్ణయం కాదు, విస్తరణ క్రమమే అది. అయినా ఆ ఊళ్ల పిల్లల లేమి లేకపోతే ఈ ఊళ్ల పిల్లల లాభం రుజువు కాదు. 14 మిల్లీమీటర్లు అన్న అంకెలో సగం వారిది. అందని తిండితో వారు లోకానికి ఒక సత్యం సమకూర్చారు. మేలుతో మాత్రమే ఋణం తీరుతుందనే వాదం ప్రకారం, ఆ ప్రయోగకాలంలో మేలు అందని వీరికి ఏ చెల్లింపూ లేదు. జ్ఞానఋణం అన్న భావన ఒక్కటే వారిని లెక్కలోకి తీసుకోగలదు.

4. పూర్వపక్షాలు – సమాధానాలు

ఒకటి: పరిశోధన ఫలితాలు నేడు అంతర్జాలంలో అందరికీ ఉచితంగా లభిస్తున్నాయి, ఇక్రిశాట్ గ్రామ సమాచారం కూడా అలా తెరిచి ఉన్నది, ఇంకా ఏం తెలపాలి? తెరిచి ఉంచడం వేరు, చేరవేయడం వేరు. అప్పు తెచ్చుకున్నవాడు డబ్బును కూడలిలో పెట్టి, కావలసినవారు తీసుకోవచ్చునంటే ఋణదాత బాకీ తీరదు. అందులోనూ ఆ కూడలికి దారి ఇంగ్లీషులోనే ఉన్నప్పుడు.

రెండు: ఫలితాలు ఊళ్లో చెబితే ఎవరి అప్పులేమిటో, ఎవరి జబ్బులేమిటో బయటపడి హాని జరగవచ్చు. బలమైన ఆక్షేపణే ఇది. వ్యక్తి చెప్పినది గోప్యంగా ఉంచడం పరిశోధకుడి ప్రథమ ధర్మం. కాని గోప్యత వ్యక్తి వివరానికి వర్తిస్తుంది, ఊరుమ్మడి నిర్ధారణకు కాదు. 'మీ ఊరు కష్టాన్ని పంచుకుంటున్నది, భూమిలేనివారి దాకా ఆ పంపకం సరిగా రావడం లేదు' అన్న మాటలో ఎవరి రహస్యమూ లేదు. ఆ మాట కొందరికి ఇబ్బంది కలిగిస్తుంది నిజమే. అయితే అది సత్యం కలిగించే ఇబ్బంది, రహస్యభంగం కాదు. ఆ సత్యాన్ని లోకమంతటికీ చెప్పి ఊరికి మాత్రం దాచడాన్ని రక్షణ అనలేం.

మూడు: సగటు, సంభావ్యత, నష్టభయం వంటి భావనలు గ్రామీణులకు తెలుగులో చెప్పడం సాధ్యం కాదు. ఈ ఆక్షేపణ చరిత్రను మరచినది. అధ్యయనం మొదలైన రోజే అనువాదం జరిగింది. ఇంగ్లీషులో తయారైన ప్రశ్నను పల్లెకు వెళ్లిన సిబ్బంది ఆ ఊరి తెలుగులోకి మార్చి అడిగారు, తెలుగులో వచ్చిన జవాబును ఇంగ్లీషు గడుల్లో నింపారు. చేబదులు, నాగు, పాలుకు చేయడం వంటి వ్యవహారాలు అంకెలైనది ఆ చేతుల్లోనే. అడగడానికి చాలిన భాష చెప్పడానికి చాలదనడం తర్కానికి నిలవదు.

నాలుగు: తెలుసుకోవాలన్న కోరిక వారికి లేకపోవచ్చు. కోరిక లేకపోతే వినకుండా ఉండే స్వేచ్ఛ వారికి ఉన్నది. తిరస్కరించే హక్కు కూడా మాట చేరిన తర్వాతనే కలుగుతుంది.

5. తెలుగు పరిశోధనలో దారులు, లోపాలు

తెలిపినవారి మాటను తెలిపినవారి భాషలోనే నిలిపిన ఉదాహరణలు మనకున్నాయి. కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు మొదలైనవారు పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో సేకరించిన కైఫియత్తులు వలసపాలన అవసరంతో పుట్టినవే. అయినా అవి ఊరివారి కథనాన్ని తెలుగులోనే రాసి ఉంచాయి. అందుచేతనే తర్వాతి తరాల తెలుగు చరిత్రకారులు వాటిని తిరిగి తమవిగా చేసుకోగలిగారు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం మరింత మెరుగైన దారి. అందులో రైతు మాట సమాచారంగా కరిగిపోలేదు, ఆరోపంగా నిలబడింది.

భిన్నమైన ఉదాహరణ నాగారానికి దగ్గరలోని శామీర్‌పేట. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయ బృందం అక్కడ చేసిన అధ్యయనం ఆధారంగా ఎస్.సి. దూబే రాసిన 'ఇండియన్ విలేజ్' 1955లో లండన్‌లో వెలువడి, భారతీయ గ్రామ అధ్యయనాలకు ఒరవడి అయింది. తెలుగు ఊరి జీవితం ప్రపంచ పాఠ్యమైంది, ఇంగ్లీషులో.

ఇంతవరకు చెప్పినది చదివి తెలుగు శాఖలవారు తాము ఈ దోషానికి వెలుపల ఉన్నామనుకోవడానికి వీలులేదు. నా అనుభవమే చెబుతాను. సిద్ధాంతవ్యాసం కోసం కీసర వైపు ఒక ఊళ్లో ఒక వృద్ధురాలి దగ్గర నాట్లపాటలు సేకరించాను. ఏడాదిన్నర తర్వాత మళ్లీ వెళ్లినప్పుడు ఆమె, 'నా పాటల్ని ఏం జేసినవ్ బిడ్డా?' అని అడిగింది. పుస్తకంలో రాశానన్నాను. 'పుస్తకంల వెడ్తె నాకెట్ల ఇనొస్తది?' అన్నది. నా దగ్గర జవాబు లేదు. పాటల్లోని శ్రమభావనను నేను విశ్లేషించాను, వర్గీకరించాను, సదస్సులో పత్రం చదివాను. అంతా తెలుగులోనే. కాని ఆమె పాట గురించి నేను తెలుసుకున్నదాన్ని ఆమెకు చెప్పాలన్న ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు. ఆ రోజు అరుగు మీద కూర్చొని, ఆమె పాడిన ఒక పాటలో చరణాల వరుస గురించి నేను రాసినది చెప్పాను. ఆమె విని, అది అట్లా కాదని, నాటు వేసేటప్పుడు వెనక్కి జరిగే అడుగును బట్టి ఆ వరుస వస్తుందని దిద్దింది. నా అధ్యాయంలో ఆ భాగాన్ని తిరిగి రాయవలసి వచ్చింది.

ఈ సంఘటన రెండు విషయాలు నేర్పింది. భాష ఒకటైనంత మాత్రాన ఋణం తీరదు, మాట వెళ్లి చేరాలి. తెలిపినవారికి తెలపడం కేవలం నీతి కాదు, ప్రామాణికతకు పరీక్ష కూడా. పండితుల సమీక్ష కంటె ముందు, తెలిపినవారి సమీక్ష ఒకటి ఉండదగినది. ఔరేపల్లె పందేల్లో రైతు చూపినది నష్టభయమా, ముందుచూపా అన్నది ఆ రైతును కూడా అడిగి తేల్చవలసిన సంగతి. ఆ రెండు మాటల మధ్య దూరం అంకెలో కనిపించదు, సంభాషణలోనే తెలుస్తుంది.

ఉపసంహారం

పరిశోధితుడి నుంచి పొందిన తెలివిడి దానమూ కాదు, క్రయమూ కాదు, ఋణం. అది మేలుతో తీరే మనుష్యఋణం మాత్రమే కాదు, తెలపడంతో తీరే ఋషిఋణం కూడా. గోప్యత దాని రూపాన్ని నియమిస్తుందే గాని దాన్ని రద్దు చేయదు. ఫలితం అందని ఊళ్లకు ఈ ఋణం మరింత గాఢంగా వర్తిస్తుంది.

దీన్నుంచి ఆచరణకు వచ్చే సూచనలు రెండు. కూటములు తమ నివేదికలకు విధానకర్తల కోసం సంగ్రహం జతచేస్తున్నట్టే, తెలిపినవారి కోసం వారి భాషలో, వారి ఊరి సభలో వినిపించదగిన పాఠం ఒకటి సిద్ధం చేయడం పరిశోధనలో భాగం కావాలి. ఆ పాఠ రచనకు తెలుగు శాఖలు పూనుకోవాలి. పరిభాషా నిర్మాణం, మాండలిక పరిజ్ఞానం, మౌఖిక కథన పద్ధతుల ఎరుక మన విద్యలోనివే. శాస్త్రం నుంచి ఊరికి తిరుగుదారి వేయడంలో తెలుగు పరిశోధకుడికి ఇంతకంటె సహజమైన పాత్ర మరొకటి లేదు.

హబ్సిగూడ రోడ్డు మీది సంస్థలకూ ఆ వృద్ధురాలి అరుగుకూ మధ్య దూరం ఇరవై మైళ్లు కూడా లేదు. సమాచారం ఆ దూరాన్ని ఒకవైపు ఎన్నోసార్లు దాటింది. రెండోవైపు కూడా దాటినప్పుడే ఆ జ్ఞానాన్ని ప్రపంచ జ్ఞానమనడానికి మనకు అర్హత కలుగుతుంది.